అందినంతే మంట

కంకిపాడు సెంటర్లో బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగున్నర. చేతిలో గోనెసంచి బరువుగా ఉంది. సంచిలో రెండు పొయ్యిలు. ఒకటి కిరసనాయిలు వత్తుల స్టవ్, ఇంకోటి కరెంటు కాయిల్ స్టవ్. రెండూ అమ్మవి. 1999లో దీపం పథకం పేరుతో మా వీధిలోకి గ్యాసు బండలు వచ్చాక రెండూ అటకెక్కాయి. మొన్న ఇంటికి సున్నాలు వేయించడానికి సామాను దింపుతుంటే బయటపడ్డాయి. పాత ఇనుముకి వేసేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ముందు రెండూ వెలగాలిరా. వెలిగాక చూద్దాం" అంది.

బెజవాడలో బందరు రోడ్డు పట్టుకుంటే పోరంకి, పెనమలూరు, గంగూరు, ఈడుపుగల్లు ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి జారిపోతాయి. ఊరికీ ఊరికీ మధ్య హద్దు చెరిపేస్తూ అపార్టుమెంట్లు లేచాయి. అయినా ఇటు వచ్చేసరికి రోడ్డు పక్కన వరి ఇంకా కనిపిస్తుంది. కార్తీకం కదా, కంకులు బరువెక్కి వంగాయి. చేను పచ్చదనం వదిలి పసుపులోకి తిరుగుతోంది. గాలిలో కాలువ గట్టు తడి వాసన.

సెంటర్లో గుడివాడ రోడ్డు చీలే చోట ఆటోలు, బళ్ళు, మనుషులు. ఒక తోపుడు బండి నిండా ప్రమిదలు, ఉసిరికాయలు, అరటి దొప్పలు. ఎర్ర దారంతో కట్టిన మూడువందల అరవై అయిదు వత్తుల కట్టలు పిరమిడ్‌లా పేర్చి ఉన్నాయి. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి ఒక్క పౌర్ణమినాడు వెలిగించే కట్ట అది. ఆ బండి పక్కనుంచి సందులోకి తిరిగితే నాలుగో రేకుల షెడ్డే పొయ్యిలు బాగుచేసే మేస్త్రిగారి కొట్టు.

బోర్డు లేదు. వాసనే బోర్డు. కిరసనాయిలు, కాలిన టంకం, తుప్పు గీకిన ఇనప రజను, మూడూ కలిసిన వాసన. గుమ్మంలో నిలబడగానే చిన్నప్పుడు అమ్మ వెనకాల ఇలాంటి కొట్టు ముందే నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. మేస్త్రిగారు కింద పీట మీద కూర్చుని గ్యాసు బర్నరు చిల్లులు సన్న సూదితో పొడుస్తున్నారు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. కళ్ళజోడు కాడకి రాగి తీగ చుట్టి ఉంది. తల వెనక గోడకి ఒక పొడుగాటి మేకు. ఆ మేకుకి రకరకాల కాయిల్స్ దండలా వేలాడుతున్నాయి. ఒక్కోదానికి చిన్న అట్టముక్క కట్టి, దాని మీద పెన్సిలుతో 750, 1000, 1500, 2000 అని వాట్లు రాసి ఉన్నాయి.

"తియ్యి, చూద్దాం" అన్నారు.

వత్తుల స్టవ్‌నే ముందు పట్టుకున్నారు. చిల్లుల గొట్టాలు రెండూ ఎత్తి పక్కన పెట్టారు. కింద గుండ్రంగా పది సన్న గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఒక్కో వత్తి. పక్కన ఉన్న మర తిప్పితే పదీ ఒక్కసారే పైకి లేవాలి, ఒక్కసారే దిగాలి. మర కదల్లేదు. టార్చి వేసి లోపలికి చూశారు. పది వత్తుల తలలూ నల్లగా, గట్టిగా, చింతపిక్కల్లా ఉన్నాయి.

"చమురు అయిపోయాక కూడా వెలిగించారు" అన్నారు.

"ఎప్పటిదో బాబాయ్ అది. ఎలా తెలుసు?"

"వత్తి కాలదయ్యా. చమురు కాలుద్ది. వత్తి కాలిందంటే దానికి చమురు అందలేదని."

అని, కొత్త వత్తి ఒకటి తీసి నా చేతికిచ్చారు. తెల్లటి నేత వత్తి. సన్నని నూలు పోగులు వదులుగా అల్లి ఉన్నాయి. ఒక చిన్న గిన్నెలో రెండు వేళ్ళ లోతు కిరసనాయిలు పోసి, వత్తి చివర అందులో ముంచి పట్టుకోమన్నారు. "చూడు, దాన్నే చూడు."

చూస్తున్నాను. తెల్లటి నూలు మీద ఒక తడి గీత. ముందు గబగబా వేలెడు ఎత్తు ఎక్కింది. ఆ తర్వాత నెమ్మదించింది. ఆ పైన చీమ నడకలా, ఉందా కదులుతోందా అన్నట్టు జరుగుతోంది. దీన్ని మనం బళ్ళో కేశనాళికీయత అని చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం. పోగుకీ పోగుకీ మధ్య వెంట్రుకవాసి సందులు. ఆ సందుల గోడల్ని ద్రవం అంటిపెట్టుకుంటుంది, అంటుకున్నది తన వెనక ఉన్నదాన్ని లాక్కుంటుంది. పైకి పోయేకొద్దీ ఎత్తిన చమురు బరువే వెనక్కి గుంజుతుంది, నడక తగ్గుతుంది. తొట్టిలో నూనె సగానికి దిగాక మంట ఎందుకు చిన్నబోతుందో ఆ గీతని చూస్తే తెలుస్తుంది. పైనుంచి మంట ఎంత తాగుతోందో కిందనుంచి అంతా అందాలి. అందినంత కాలం నూలు చల్లగా, తెల్లగానే ఉంటుంది. అందడం ఆగిన క్షణాన మంట చమురుని వదిలి నూలుని పట్టుకుంటుంది.

ఈలోగా మేస్త్రిగారు పాత వత్తుల్ని చీల్చి పీకేశారు. ఒక ఇనప తీగ కొస వంచి కొక్కెం చేసి, దాన్ని గొట్టంలోంచి కిందకి దించి, కొత్త వత్తిని తగిలించి పైకి లాగారు. రెండోది, మూడోది. ఒక్కోదాన్ని లాగాక బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని కొంచెం అటూ ఇటూ కదిలిస్తున్నారు. బిగుతుగా ఉంటే నూలు నలిగి పోగుల మధ్య సందు మూసుకుపోతుంది, చమురు ఎక్కదు. వదులుగా ఉంటే జారిపోతుంది, పక్కనుంచి ఆవిరి లేస్తుంది. గొట్టంలో వత్తి కదలాలి, పడిపోకూడదు. ఆ రెండిటి మధ్యా ఉండే పట్టు ఏ కొలబద్దకీ అందేది కాదు.

పదీ అయ్యాక తొట్టిలో కిరసనాయిలు పోసి పక్కన పెట్టారు. "అరగంట నాననియ్. కొత్త వత్తిని తడవకుండా ముట్టిస్తే మొదటి రోజే మాడుద్ది."

"కిరసనాయిలు ఇంకా దొరుకుతోందా బాబాయ్?"

"రేషను నీలం నూనె ఆగిపోయి ఏళ్ళయింది గదా. తెల్లది ఎక్కడో పట్టుకొస్తా, తుప్పు వదిలించడానికీ, ఇదిగో ఇలాంటి వాటికీ. నెలకో స్టవ్ వస్తే గొప్ప. ఒకప్పుడు ఈ సందు చివరిదాకా వరస ఉండేది." సూది పక్కన పెట్టి కొంచెం ఆగారు. "డెబ్బై ఏడులో ఉప్పెనప్పుడు నేను పని నేర్చుకుంటున్నా. కరెంటు స్తంభాలు పడిపోయాయి. కాయిల్ పొయ్యిలున్న వాళ్ళంతా వత్తుల స్టవ్‌లు వెతుక్కున్నారు. మా గురువుగారు దీపం పెట్టుకుని రాత్రిళ్ళు వత్తులు లాగేవారు, నేను కత్తిరించేవాణ్ణి."

1977 నవంబరు 19. కృష్ణా డెల్టాలో ఆ తేదీ తెలియని పెద్దవాళ్ళు లేరు. దివిసీమలో వేలమంది పోయిన రోజు. దాన్ని ఆయన వత్తుల లెక్కలో దాచుకున్నారు.

రెండోది కాయిల్ స్టవ్. గుండ్రటి మట్టి పలక, పలకలో పాము చుట్టలా తొలిచిన గాడి, ఆ గాడిలో పరుచుకున్న తీగ స్ప్రింగు. తీగ మూడు చోట్ల తెగి ఉంది. తెగిన చోటల్లా ఎవరో కొసలు కలిపి మెలిపెట్టారు. పాలు పొంగి ఎర్రటి కాయిల్ మీద పడటం, తీగ టప్పున తెగడం, నాన్న మెయిన్ ఆఫ్ చేసి కటింగ్ ప్లయరుతో మెలిపెట్టడం నాకు బాగా గుర్తు. మేస్త్రిగారు మీటరు పెట్టారు. 46 ఓములు.

"ఇది వెయ్యి వాట్ల పొయ్యి. 53 ఉండాలి. మెలిపెట్టినప్పుడల్లా ఒక ముక్క పోయింది. తీగ పొట్టిదైతే కరెంటు ఎక్కువ లాగుద్ది, ఎక్కువ ఎర్రబడుద్ది, ఇంకా తొందరగా తెగుద్ది. అతికించేకొద్దీ ఆయుష్షు తగ్గుద్ది దీనికి."

లెక్క వేసుకుంటే అక్షరాలా నిజం. 230 వోల్టుల దగ్గర 53 ఓములు ఉంటే నాలుగు ఆంపియర్ల పైచిలుకు పారుతుంది, వెయ్యి వాట్ల వేడి పుడుతుంది. 46కి దిగితే అదే పొయ్యి 1150 వాట్లు తాగుతుంది. ఆ అదనపు వేడి మెలిపెట్టిన చోట్ల గుమిగూడి మళ్ళీ అక్కడే తెంపుతుంది.

ఇప్పుడు కాయిల్స్ ప్యాకెట్లలో తయారుగా వస్తాయి. మేస్త్రిగారు ఒకటి తీసి చూసి, గాడిలో పెట్టి, పెదవి విరిచి పక్కన పడేశారు. గాడికి లావైంది. "చుట్టాల్సిందే" అన్నారు. ఆ మాటలో కొంచెం సంతోషం వినిపించింది నాకు.

బల్ల కిందనుంచి నిక్రోమ్ తీగ ఉండ తీశారు. నికెల్, క్రోమియం కలిసిన తీగ ఇది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ దీనికి పేటెంటు పొందాడు. ఎర్రగా కాలుతున్నప్పుడు మామూలు ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ తీగ మాత్రం తన మీద సన్నటి క్రోమియం ఆక్సైడు పొర కప్పుకుని, ఆ పొర చాటున ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మన ఇళ్ళలో ఇస్త్రీపెట్టె, గీజరు, హెయిర్ డ్రయరు, ఎక్కడ కరెంటు వేడి ఉన్నా చాలావాటి కడుపులో ఇదో, దీని దాయాదో ఉంటుంది. మేస్త్రిగారు మైక్రోమీటరులో తీగ మందం చూశారు. అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ. ఈ మందానికి 53 ఓములు రావాలంటే దాదాపు ఎనిమిది మీటర్ల తీగ కావాలి. ఆ ఎనిమిది మీటర్లూ సన్న చువ్వ మీద ఒకదాన్నొకటి ఆనేలా చుడితే జానెడు స్ప్రింగు అవుతుంది. లాగి వదిలితే గజం పొడవు గాడి నిండుతుంది.

వైసులో చేతి డ్రిల్లు బిగించారు. డ్రిల్లు నోట్లో ఉక్కు చువ్వ. తీగ కొస చువ్వకి చుట్టి, ఉండ నా చేతికిచ్చి, "బిగువుగా పట్టు. వదలకు, గుంజకు" అన్నారు. ఆయన హ్యాండిల్ తిప్పుతున్నారు. తీగ నా వేళ్ళ మధ్యనుంచి జారి చువ్వ మీద చుట్టలు పడుతోంది. ఇరవై చుట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత ఒక చుట్టు పక్కదాని మీదకెక్కింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి సందు వచ్చింది. వేళ్ళు కోసుకుపోతున్నాయి. మేస్త్రిగారు ఏమీ అనలేదు, మళ్ళీ విప్పారు.

అప్పుడే ఒకావిడ గ్యాసు స్టవ్ పట్టుకుని వచ్చింది. వెనకాల పాతికేళ్ళ కుర్రాడు.

"అన్నయ్యగారూ, మంట ఎర్రగా వస్తోంది. గిన్నెలన్నీ మసి" అంది ఆవిడ.

"పెట్టమ్మా, చూస్తా. బాబూ, నువ్వొకసారి ఇలా రా. ఈ తీగ పట్టుకో."

కుర్రాడు సంచి దించి వచ్చాడు. తీగని నాలా పిడికిట్లో పట్టుకోలేదు. జేబురుమాలు మడిచి, దాని మధ్యలోంచి తీగ పోనిచ్చి, రెండు వేళ్ళతో నొక్కాడు. చువ్వకి నిటారుగా కాకుండా, పడిన చుట్టల వైపుకి కాస్త వాలుగా పట్టాడు. డ్రిల్లు తిరిగింది. తీగ ప్రతి చుట్టూ తన ముందు చుట్టుకి ఒరుసుకుంటూ, చిన్న చప్పుడుతో కూర్చుంటోంది. నలభై, ఎనభై, నూట యాభై. మేస్త్రిగారు హ్యాండిల్ తిప్పుతూనే కళ్ళజోడు పైనుంచి ఆ కుర్రాడి వేళ్ళని చూస్తున్నారు. మూడువందల ఎనభై దాటాక ఆగారు. చువ్వ మీంచి జారిస్తే జానెడు స్ప్రింగు, ఎండిన పాము కుబుసంలా మెరుస్తూ బల్ల మీద పడింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

కుర్రాడు తనతో వచ్చిన పిన్ని వైపు చూశాడు. ఆవిడ "నేను వత్తులూ ప్రమిదలూ తీసుకుని వస్తా" అని సెంటర్ వైపు వెళ్ళింది. ఆవిడ సందు తిరిగేదాకా ఆగి చెప్పాడు.

లీడ్స్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. సంక్రాంతిదాకా ఉండి వెళ్తాడు. ఇక్కడ ఇంజనీరింగ్‌లో మొదలైన సిగరెట్టు అక్కడ రోజుకో పెట్టె అయింది. దాన్ని మానడానికి వేప్, అంటే ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టాడు. అదీ వాడి పడేసే రకం కాదు, విప్పి మళ్ళీ కట్టుకునే అటమైజర్. లోపలి కాయిల్ తనే చుట్టుకుంటాడు, వత్తి తనే పెట్టుకుంటాడు.

"వత్తా?" అన్నారు మేస్త్రిగారు.

"వత్తే తాతా. కాయిల్ లోపల దూది వత్తి."

మేస్త్రిగారు బల్ల మీది ముక్కతీగల డబ్బా అతని ముందుకి జరిపారు. "చూపించు."

కుర్రాడు బల్ల మీద వెతికి మూడు మిల్లీమీటర్ల స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. జానెడు కన్నా పొట్టి నిక్రోమ్ ముక్క. ఎడమ బొటనవేలితో కొసని కాడకి అదిమి, కుడి చేత్తో తీగని చుట్టాడు. ఒకటి, రెండు, ఆరు. రెండు కొసలూ ఒకే వైపుకి వచ్చేలా ఆపి, కాడ మీదే చుట్టల్ని గోటితో దగ్గరికి నెట్టి, జారనిచ్చాడు. కందిగింజ కన్నా కాస్త పెద్ద స్ప్రింగు. మేస్త్రిగారు దాన్ని అరచేతిలో వేసుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. ఆరు చుట్టల్లో ఎక్కడా వెలుతురు దూరే సందు లేదు.

"ఓము?"

మీటరు కడ్డీల్ని ముందు ఒకదానికొకటి ఆనించాడు కుర్రాడు. 0.3 చూపించింది. ఆ పైన కాయిల్‌కి ఆనించాడు. 0.8. "కడ్డీల సొంత అడ్డు తీసెయ్యాలి. అర ఓము." మేస్త్రిగారు తల ఊపారు. అంత చిన్న విలువ కొలిచేటప్పుడు మీటరు తీగలే అబద్ధం చెబుతాయని అతనికి తెలుసు. అది తెలిసిన మనిషి ఆయనకి నచ్చాడు.

ఇక ఇద్దరికీ లెక్కలు పడ్డాయి. నేను వింటూ కూర్చున్నాను. లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే నాలుగు వోల్టుల పైన. అర ఓముకి ఎనిమిది ఆంపియర్లు. అమ్మ వంటపొయ్యిలో పారే కరెంటుకి రెట్టింపు, వేలి కొస మీద కూర్చునే తీగలో పారుతుంది. వోల్టులు తక్కువ కాబట్టి వేడి 35 వాట్లే. కానీ ఆ 35 వాట్లూ ఇంత చోట్లో. "ఓము చూడకుండా తగిలించకూడదు తాతా. కాయిల్ లోహానికి ఆనిందనుకోండి, బ్యాటరీ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. అందుకే వత్తి పెట్టకముందు ఖాళీ కాయిల్‌కి క్షణం క్షణం కరెంటిచ్చి చూస్తాం. ఎరుపు మధ్యలో మొదలై రెండు వైపులకీ సమంగా పాకాలి. ఒక చుట్టే ముందు ఎర్రబడితే అక్కడ సందు ఉన్నట్టు. పింగాణీ మొనల చిమటాతో నొక్కి సరిచేస్తాం." తను వాడేది ఈ తీగ కాదనీ, కాంతాల్ అనీ చెప్పాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన తీగ. 1931 నుంచి స్వీడన్‌లోని హాల్‌స్టాహమ్మర్‌లో ఆ పేరుతోనే కంపెనీ ఉంది. కొలిమిల కోసం పుట్టిన తీగ అది.

పిన్నిగారు తిరిగొచ్చింది. సంచిలో ప్రమిదలు, కట్ట వత్తులు, ఇంట్లో చేసుకోవడానికి ఒక దూది ప్యాకెట్. కుర్రాడు అడగకుండానే ప్యాకెట్ విప్పి చిటికెడు దూది లాగాడు. పోగులన్నీ ఒకే వైపుకి ఉండేలా రెండు చేతులతో సాగదీశాడు. అమ్మమ్మలు వత్తి చేసేటప్పుడు సాగదీసినట్టే. కొస మెలిపెట్టి కాయిల్ కన్నంలోంచి దూర్చి లాగాడు. దూది కాయిల్‌ని కొద్దిగా తనతో లాక్కుంటూ, వంచకుండా, నెమ్మదిగా జారింది.

"ఇంతే బిగువు ఉండాలి. ఇంతకన్నా బిగిస్తే ద్రవం ఎక్కదు. వదులైతే మునిగిపోద్ది, నోట్లోకి చిమ్ముద్ది" అన్నాడు. అరగంట క్రితం గొట్టంలో వత్తిని కదిలించిన వేళ్ళనే నేను మళ్ళీ చూస్తున్నట్టనిపించింది.

"పత్తి అలాగే పెట్టేస్తారా?" అన్నారు మేస్త్రిగారు.

"లేదు తాతా. పచ్చి పత్తికి మైనం లాంటి పూత ఉంటుంది. దీపానికి ఇబ్బంది లేదు, నూనెని రానిస్తుంది. మా ద్రవం గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. అవి ఎక్కాలంటే ఆ పూత పోయేలా ఉడికించి శుభ్రం చేసిన దూది కావాలి."

"మరి ఎండిపోతే?"

"మాడుద్ది. ఆ పొగ ఒక్క పీల్పు లోపలికి పోతే గొంతు పట్టేసుద్ది. ఆ రుచి రోజంతా పోదు."

"వత్తి ఎక్కడైనా వత్తేనన్నమాట" అన్నారు మేస్త్రిగారు.

పిన్నిగారికి విషయం అర్థమైంది. "ఏంట్రా ఇది? సిగరెట్టా?" కుర్రాడు దాచలేదు. సిగరెట్టు మానేశాననీ, దీంట్లో నికొటిన్ పన్నెండు మిల్లీగ్రాముల నుంచి మూడుకి తగ్గించాననీ, పూర్తిగా మాత్రం మానలేదనీ చెప్పాడు. పరికరం లీడ్స్‌లోనే వదిలి వచ్చాడు.

వదిలి రావడమే సరైనది. మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో చట్టమైంది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. తయారీ, అమ్మకం లాంటి వాటికి మొదటిసారి నేరానికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అతను చదువుకునే చోట దారి వేరు. సిగరెట్టు మానడానికి వేప్ సాయపడుతుందని అక్కడి ప్రభుత్వ వైద్యసేవలే చెబుతాయి. అయితే ఒకసారి వాడి పడేసే వేప్‌లని 2025 జూన్ 1 నుంచి అక్కడ కూడా నిషేధించారు. అంటే అక్కడ మిగిలింది మళ్ళీ నింపుకునే రకాలు, విప్పి కట్టుకునే రకాలు.

మనది పొగాకు నేల. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది, పొగాకు పరిశోధనకి 1947లోనే రాజమండ్రిలో సంస్థ వెలిసింది. లంకల్లో పండిన ఆకుతో చుట్ట చుట్టుకోవడం డెల్టాలో ఒక తరం మగవాళ్ళలో చాలామందికి వచ్చిన పని. మా నాన్నా చుట్టేవాడు. అరుగు మీద కూర్చుని ఆకు తడిపి, ఈనె తీసి, తొడ మీద దొర్లించి, నోటి తడితో అంటించి. ఎంత నైపుణ్యంగా చుట్టేవాడో! చివరి రెండేళ్ళు ఆయన దగ్గు విన్న ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. 2003లో ఎలక్ట్రానిక్ సిగరెట్టుని చేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ తండ్రి కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. కాబట్టి పొగ మీద నాకు ఏ ప్రేమా లేదు. ఆ కుర్రాడు ఆ మిగిలిన మూడూ వదిలెయ్యాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను, అతనితో ఆ మాట అన్నాను కూడా. అతను "అవును బాబాయ్" అన్నాడు. అందులో బుకాయింపు లేదు.

కానీ ఆ చేతులు? వాటి మాటేమిటి?

మేస్త్రిగారు ఆ సంగతే చూస్తున్నారు. ఈ కొట్టులో పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఏసీ మెకానిజానికో, సెల్‌ఫోన్ షాపుకో వెళ్ళిపోయారని మధ్యాహ్నం నుంచి కూర్చున్న పక్క కొట్టు టీ ఆయన చెప్పాడు. తీగ బిగువు తెలిసిన వేళ్ళు, వత్తి పట్టు తెలిసిన వేళ్ళు పుస్తకంలో పుట్టవు. చుట్టి, విప్పి, మాడ్చుకుని, మళ్ళీ చుట్టినప్పుడే వస్తాయి. ఆ విద్య ఎక్కడ అబ్బిందన్నది ఆయన అడగలేదు. "ఆ కాయిల్ పలకలో నువ్వే పరుచు" అన్నారు.

కుర్రాడు స్ప్రింగు రెండు కొసలూ పట్టి సాగదీశాడు. ఒక్క గుంజుతో కాదు. కొంచెం లాగి, వదిలి, ఎంత నిలిచిందో చూసి, మళ్ళీ కొంచెం. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు సమంగా రావాలి, దగ్గరగా ఉన్న చోట వేడి పోగై తీగ తెగుతుంది. బయటి చుట్టు నుంచి మొదలుపెట్టి లోపలికి, గాడిలో పరిచాడు. కొసల్ని రెండు పేటలుగా మెలిపెట్టి పింగాణీ కనెక్టరులో బిగించాడు. రెండు పేటలైతే అడ్డు సగమై కొసలు చల్లగా ఉంటాయి, స్క్రూ కాలదు. మేస్త్రిగారు పాత రెండు పిన్నుల ప్లగ్గు కోసేసి మూడు పిన్నులది వేశారు, పచ్చ వైరు పొయ్యి ఒంటికి బిగించారు. "ఈ తీగకి పైన ఏ కవచమూ లేదు. కలిపే గరిటె తగిలినా ప్రాణం మీదకొస్తది. అమ్మకి చెప్పు, స్విచ్చి ఆపాకే గిన్నె దించమను."

మొదట సిరీస్ బోర్డు. వంద వాట్ల బల్బు గుండా పొయ్యికి కరెంటిచ్చారు. బల్బు వెలిగింది. దారి బాగుంది. ఒక కొస ఒంటికి పెట్టి చూశారు, వెలగలేదు. ఎక్కడా లీకు లేదు. అప్పుడు నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశారు.

కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత కొత్త తీగ మీది నూనె కాలిన సన్నటి పొగ. తర్వాత చీకటి గాడిలో ఎక్కడో చాలా లోపల ముదురు ఎరుపు, ఉందా లేదా అన్నట్టు. అది ముదిరి, పాకి, మూడు చుట్ల గాడీ ఒకేలా నారింజ రంగుకి తిరిగింది. తెల్లగా మెరిసే చుక్క ఒక్కటీ లేదు. నల్లగా మిగిలిన ముక్క ఒక్కటీ లేదు. అయిదుగురం చుట్టూ నిలబడి ఉన్నాం. ముఖాల మీద వేడి. ఎవరమూ మాట్లాడలేదు.

వత్తుల స్టవ్ నానింది. మేస్త్రిగారు కత్తెర కుర్రాడి చేతిలో పెట్టారు. పది వత్తుల్నీ గొట్టం అంచుకి మినప్పప్పు మందాన పైకి లేపి, అడ్డంగా కత్తిరించాడు. ముట్టించారు. మొదట పసుపు నాలుకలు, మసి. చిల్లుల గొట్టాలు దించాక గాలి అందింది, మంట కిందకి కుదురుకుని నీలం కట్టింది. ఒక్క చోట మాత్రం పసుపు నాలుక ఒకటి ఎగురుతోంది. కుర్రాడు ఆర్పి, చల్లారనిచ్చి, ఆ ఒక్క వత్తిని గోటితో అదిమి చూశాడు. వెంట్రుకంత ఎత్తు. కత్తెర మొనతో దాన్ని తీసేశాడు. మళ్ళీ ముట్టించారు. ఈసారి నీలి కంకణం.

అమ్మకి ఫోన్ చేసి రెండు పొయ్యిలూ వీడియోలో చూపించాను. "నీలంగానే వస్తోందా? ఎక్కడా పసుపు లేదుగా?" అని మూడుసార్లు అడిగింది. పొయ్యిలు ఇరవై ఆరేళ్ళు అటక మీద ఉన్నా ఆమె కళ్ళు ఇంకా వత్తి కొసనే వెతుకుతున్నాయి.

చీకటి పడింది. సెంటర్ వైపు నుంచి గుడి మైకు వినిపిస్తోంది. పిన్నిగారి బర్నరు కూడా సిద్ధమైంది. డబ్బులిచ్చి సంచి సర్దుకున్నాను. కుర్రాడు వెళ్ళబోతూ తన ఆరు చుట్టల కాయిల్‌ని బల్ల మీద వదిలేశాడు. దూది వత్తి ఇంకా దాని కన్నంలోనే ఉంది.

"సంక్రాంతిదాకా ఉంటావుగా? మధ్యాహ్నాలు ఖాళీ అయితే రా" అన్నారు మేస్త్రిగారు.

"వస్తాను తాతా."

వాళ్ళు సందు దాటాక ఆయన ఆ చిన్న కాయిల్‌ని తీసుకుని దూది లాగేశారు. ఒక అట్టముక్క కత్తిరించి, చెవి మీది పెన్సిలు తీసి, నా వైపు తిరిగి అడిగారు.

"ఎన్ని వాట్లన్నాడు?"

"ముప్ఫై అయిదు బాబాయ్."

అట్ట మీద 35 అని రాసి దారం కట్టారు. 2000 పక్కన, అదే మేకుకి తగిలించారు.